సాక్ష్యంలో లేని పేరు

బందరు కాలవ గట్టున నడుస్తూ మేకు తొక్కాను. నలభై ఏళ్లుగా ఊళ్లు పట్టుకు తిరుగుతున్న కాళ్లివి. ఎన్ని ముళ్లు దిగాయో గుర్తులేదు గానీ, ఏ ముల్లూ నన్ను రెండు రోజులకి మించి ఒకచోట కూర్చోబెట్టలేదు. ఈ మేకు మాత్రం పటమటలో ఒక మేడమీది గదిలో ఐదు వారాలు కూర్చోబెట్టింది. నాకు షుగరుందని కూడా అప్పుడే తెలిసింది. ధనుర్వాతం ఇంజెక్షను వేసిన డాక్టరు నా కాలి వంకా సంచి వంకా చూసి, "రోజూ కట్టు మార్చాలండీ. చూసేవాళ్లెవరూ లేరంటున్నారు కదా, మణెమ్మగారికి ఫోన్ చెయ్యండి" అని మందుల చీటీ వెనకాల నంబరు రాసిచ్చాడు.

మర్నాడు పొద్దున మేడమెట్ల మీద చెప్పుల చప్పుడు. అరవై రెండేళ్ల మనిషి, సన్నగా, నిటారుగా. వెలిసిపోయిన మంగళగిరి చీర, భుజాన రెగ్జిన్ సంచి. అందులో స్టీలు డబ్బా. కత్తెర, పటకారు, దూదీ అన్నీ ఇంట్లో ప్రెషర్ కుక్కర్లో పెట్టి మూడు విజిళ్లు రానిచ్చి తెచ్చుకుంటుందట. నా మొహం చూడకుండానే కుర్చీ లాక్కుని కాలు చేతిలోకి తీసుకుంది.

"మొహం తర్వాత చూద్దాం లెండి. కాలు అబద్ధం చెప్పదు" అంది.

మూడో రోజుకి మాటలు కలిశాయి. నేను మంచం మీద ఏవో పాత పుస్తకాలు పరుచుకుని ఉంటే, "అన్ని చదివారు కదా, కుళ్లుకి మందేమైనా రాశారా అందులో?" అని అడిగింది. పుండు కుళ్లనుకున్నాను. "ఆ కుళ్లు కాదండీ. అదైతే నేనే కడుగుతాను. మనసులోది. నాకు ముప్పై ఏళ్లుగా ఉంది" అంది, బీపీ ఉందని చెప్పినంత మామూలుగా.

అసూయని నేను చాలాచోట్ల చూశాను. పొలం గట్టు మీద చూశాను, సంగీత కచేరీల్లో చూశాను, పండితుల సభల్లో చూశాను. పండితులది మరీ చిత్రం, పొగడ్తలా వినిపిస్తుంది. ఎక్కడా ఎవరూ అది తమకుందని ఒప్పుకోగా వినలేదు. అందుకే కాలు ఆమె చేతిలో ఉంచి, చెవి కూడా అప్పగించాను. ఐదు వారాలు రోజుకో ముక్క చొప్పున ఆమె చెప్పింది ఒక వరసలో పెడుతున్నాను.

పామర్రు అవతల ఒకప్పుడు మిషను ఆసుపత్రి ఉండేది. మణెమ్మ అక్కడ డ్రెస్సింగు నర్సు. జీవరత్నం అదే ఆసుపత్రిలో బైబిలు స్త్రీ. ఈ ఉద్యోగం ఇప్పటివాళ్లకి తెలియదు. మంచం మంచం దగ్గరా ఆగి, వాక్యం చదివి, రోగి నుదుటిమీద చెయ్యి వేసి ప్రార్థన చెయ్యడం. దానికి జీతమూ, యూనిఫారం చీరా ఉండేవి. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే హాస్టలు. ఒకే కంచంలో తిన్నవాళ్లు.

"పొద్దున నేను వెళ్లి పుండు కడిగేదాన్ని. రోగి కేకలు పెట్టేవాడు. నన్నూ మా వంశాన్నీ తిట్టేవాడు. నేను అటు వెళ్లగానే ఆవిడ ఇటు వచ్చి చెయ్యి వేసేది. అప్పటికి మంట తగ్గి ఉంటుంది కదండీ, హాయిగా ఉండేది వాడికి. తల్లీ నీ చెయ్యి చల్లన అనేవాడు."

డిశ్చార్జి రోజున రోగి తాలూకు వాళ్లు అరటి గెల, మునక్కాడల కట్ట, ఒక్కోసారి కాళ్లు కట్టిన కోడిపుంజు తెచ్చేవాళ్లు. అవన్నీ డ్రెస్సింగు గది దాటుకుని జీవరత్నం చేతికి వెళ్లేవి.

"ఆవిడ పంచిపెట్టేదేనండీ, తనొక్కతే తినేది కాదు. అదింకా మంట. నాకు రావలసిన అరటిపండు ఆవిడ చేత్తో నాకు పెట్టేది. థాంక్స్ అక్కా అని తినాలి!"

మిషను దొరలు వెళ్లిపోయాక పడకలు తగ్గీ తగ్గీ ఆసుపత్రి మూతపడింది. ఇద్దరూ విజయవాడ చేరారు. మణెమ్మ అప్పటికే భర్త పోయిన మనిషి. సెకండ్‌హ్యాండ్ స్కూటీ కొనుక్కుని పటమట నుంచి కానూరు దాకా ఇళ్లకి వెళ్లి షుగరు పుళ్లకి కట్లు కట్టడం మొదలుపెట్టింది. జీవరత్నం అన్న కొడుకింట్లో ఉంటూ అదే ఇళ్లకి వెళ్లి ప్రార్థన చేసేది. ఊరు మారింది గానీ వార్డు మారలేదు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. వాళ్ల చర్చిలో నెల మొదటి ఆదివారం ప్రభుభోజనం ఉంటుంది, బల్ల అంటారు. అది అయ్యాక ముగ్గురికి సాక్ష్యం చెప్పే అవకాశం ఇస్తారు. దేవుడు తమకి చేసిన మేలు మైకులో అందరి ముందూ చెప్పుకోవడం. ఏళ్ల తరబడి చెప్పీ చెప్పీ ఆ మాటలకొక అచ్చు పడింది. రిటైరైన బస్సు కండక్టరు సొలొమోను వీపు మీద రాచపుండు లేస్తే మణెమ్మ నలభై మూడు రోజులు కడిగింది. తగ్గాక ఆయన మైకు పట్టుకుని, "డాక్టర్లు చేతులెత్తేశారు. జీవరత్నమ్మగారు మోకాళ్లూనారు. దేవుడు ముట్టాడు" అన్నాడు. సంఘమంతా "స్తోత్రం" అంది.

మణెమ్మ గుమ్మం దగ్గర ఆయన్ని ఆపింది. "సొలొమోనుగారూ, ఎత్తేసిన చేతులు ఎవరివండీ? నావి రెండూ మీ వీపులోనే ఉన్నాయి కదా."

"అయ్యో సిస్టరుగారూ, మిమ్మల్ని మర్చిపోతామా? అది సాక్ష్యం కదండీ, అలాగే చెప్పాలి" అన్నాడాయన.

"దేవుడికి చెప్పుకోమనండి, నేనేమైనా ఆయనకి పోటీనా?" అంది నాతో మణెమ్మ, నా కాలికి దూది అద్దుతూ. "మధ్యలో ఆవిడ పేరెందుకని!"

నాకొక పాత కథ గుర్తొచ్చింది. వాళ్ల గ్రంథంలోదే. ఒక రాజు పుండుతో చావు మంచం ఎక్కుతాడు. గోడవైపు తిరిగి ఏడుస్తూ ప్రార్థిస్తాడు. ప్రవక్త వచ్చి, దేవుడు విన్నాడని చెప్పి, అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద కట్టమంటాడు. రాజు బతుకుతాడు. రాజు పేరుంది, ప్రవక్త పేరుంది. ముద్ద కట్టినవాళ్ల పేరు లేదు. ఆ మాట మణెమ్మతో అన్నాను. పటకారు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. "మా చర్చి అయ్యగారు ఆ వచనం మీద ఎన్నోసార్లు ప్రసంగం చేశారు. ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు చూశారా!" అంది. ఆ రోజు కట్టు కొంచెం బిగుతుగా పడింది.

ఇక స్టీఫెను కాలు.

స్టీఫెను ఆటోనగర్లో లారీలకి రంగులు వేసే షెడ్డులో పనిచేస్తాడు. చర్చిలో డోలక్ వాయిస్తాడు. షుగరు వల్ల పాదాలకి స్పర్శ పోయింది. చెప్పులో ఇనప ముక్క దూరితే తెలియక రోజంతా దాని మీదే నడిచాడు. రెండు వేళ్లు తీసేశారు. బెంజ్ సర్కిల్ దగ్గరి ఆసుపత్రిలో సర్జను, "ఇంకా పైకి పాకితే పాదం తియ్యాలి. షుగరు కంట్రోల్లో ఉండాలి, కట్టు తప్పకూడదు. రెండు నెలలు చూద్దాం" అన్నాడు. పాదం పోతే షెడ్డులో నిచ్చెన ఎక్కలేడు.

స్టీఫెనుకి సూదంటే భయం. భార్య హెలెను కాన్వెంటులో టీచరు, ఏడింటికే బస్సెక్కుతుంది. అందుకని రోజూ ఏడున్నరకి మణెమ్మ వచ్చి కట్టు మార్చి, ఇన్సులిను కూడా తనే వేసి, హెలెను హాట్‌బాక్సులో పెట్టి వెళ్లిన ఇడ్లీల్లో మొదటిది అతని నోట్లోకి వెళ్లేదాకా నిలబడి, అప్పుడు కదిలేది. సాయంత్రం జీవరత్నం వచ్చి ప్రార్థన చేసేది.

ఒక పొద్దున కట్టు మీద నూనె మరక కనిపించింది. మణెమ్మ ఆ సాయంత్రం దాకా ఆగి, జీవరత్నం వచ్చే వేళకి గుమ్మంలో కాపేసింది.

"ఏమండీ జీవరత్నమ్మగారూ, నూనె తలకి రాస్తారా, గాజుగుడ్డకి రాస్తారా?"

"ప్రార్థించిన నూనె అమ్మా."

"ప్రార్థించిందైనా వేపుడుకి వాడిందైనా, నా కట్టు మీద పడితే నానిపోద్ది. రేపు చీము పడితే దేవుణ్ణి అడగరు, నన్నడుగుతారు."

"నీ కట్టు, నీ కత్తెర, నీ దూది. మనిషి మాత్రం ఆయన మనిషే" అని జీవరత్నం లోపలికి వెళ్లింది. మర్నాటి నుంచి నూనె నుదుటికే రాసింది. అది మణెమ్మ గమనించింది గానీ బాగుందనలేదు. ఇద్దరి మధ్యా మాటలు ఆ రోజుతో ఆగిపోయాయి. స్టీఫెను మంచం మాత్రం మధ్యలో ఉంది.

ఐదో వారంలో, ఒక శుక్రవారం పొద్దున, మణెమ్మ కట్టు విప్పింది. పుండు అడుగున ఎర్రగా, గింజలు గింజలుగా కొత్త కండ. దానిమ్మ పండు లోపలిలా ఉందట. పాదం నిలిచినట్టే. ఆ ముక్క చెప్పబోతుంటే స్టీఫెనే నోరు తెరిచాడు.

"అక్కా, ఇవాళ ఉపవాస కూటం నా కాలి కోసమే పెట్టారు జీవరత్నమ్మగారు. ఇవాళ్టి నుంచి పుండు మూసుకుంటదని ఆవిడకి దర్శనమైందట."

మణెమ్మ ఆ ముక్క చెప్పకుండానే కొత్త గాజుగుడ్డ పరిచి కట్టు కట్టేసింది. "అప్పటికే మూసుకుంటోందండీ! నా కళ్ల ముందు మూసుకుంటోంది. ఒక్క పూట ముందు చెప్పి ఉంటే నా మాట అయ్యేది. ఇక ఏం చెప్పినా ఆవిడ దర్శనమే."

తలుపు పక్కన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా ఉంది. తాళ్లు బిగించిన డోలక్ ఉంది. హాట్‌బాక్సు మూత పెట్టే ఉంది. ఉపవాసం ఒంటిగంటకి గానీ విడవరని మణెమ్మకి తెలుసు. ఇన్సులిను వేసింది. సంచి సర్దుకుంది. ఆ రోజు నిలబడలేదు. తినమని అనలేదు.

చర్చికి పదిన్నరకి వెళ్లింది. శుక్రవారాలు ఎప్పుడూ వెళ్లని మనిషి.

"తిన్నాడో లేదో చూడ్డానికి వెళ్లానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను" అంది నాతో. పటకారు డబ్బాలో పెట్టింది. "కాదండీ. ఆవిడ ప్రార్థన వీగిపోతే చూద్దామని వెళ్లాను."

వెనక బెంచీలో కూర్చుంది. ముందు జీవరత్నం మోకాళ్ల మీద ఉంది. పక్కన స్టీఫెను డోలక్ వాయిస్తున్నాడు. పదకొండు దాటాక ఒక పాట ఎత్తుకున్నారు. పాట మధ్యలో దెబ్బ ఒకటి తప్పింది. స్టీఫెను తాళం తప్పడం ఎవరూ ఎరగరు. మళ్లీ తప్పింది. చొక్కా వీపుకి అంటుకుపోయింది, చేతులు వణుకుతున్నాయి, పెదాలు ఏవో అర్థంకాని మాటలు గొణుగుతున్నాయి.

"ఆత్మ దిగిందమ్మా! స్టీఫెను మీదికి ఆత్మ దిగింది!" అంది ముందు వరసలో ఒకామె. చప్పట్లు జోరెక్కాయి. చెమట, వణుకు, మాట తడబాటు, ఇవే కదా వాళ్లు ఎన్నో కూటాల్లో చూసినవి. వాళ్లని తప్పుపట్టలేను. మందు పనిచేసి అన్నం పడని ఒంటికీ అవే గుర్తులని వాళ్లకెవరు చెప్పారు?

ఆ గదిలో ఆ సంగతి తెలిసింది ఒక్కరికే. మొదటి దెబ్బ తప్పినప్పుడే తెలిసింది.

"లేవాలండీ. లేవలేదు. ఇంకొంచెం కనపడనీ, అందరికీ కనపడనీ అనుకున్నాను. పాట అయ్యేదాకా కూర్చున్నాను."

పాట అయింది. డోలక్ ఒళ్లోంచి జారి బెంచీ కిందికి దొర్లింది. స్టీఫెను పక్కకి ఒరిగిపోయాడు. అప్పుడు లేచింది మణెమ్మ. బెంచీల మధ్య నుంచి కాదు, బెంచీల మీద నుంచే వెళ్లిందట.

"ఆత్మా కాదు, ఏం కాదు! షుగరు పడిపోయింది! పంచదార ఉందా ఎవరి దగ్గరైనా?"

ఉపవాసం రోజు. యాభై మంది ఆడవాళ్ల సంచుల్లో ఒక్క చాక్లెట్టు ముక్క లేదు. మణెమ్మకి చటుక్కున తట్టింది. ఆదివారం బల్లకి ద్రాక్షరసం తయారు చేసేది జీవరత్నమే. నల్లద్రాక్ష ఉడకబెట్టి, పంచదార పోసి, సీసాకెత్తి లోపలి గది బీరువాలో పెడుతుంది. తాళం చెవి ఆమె బొడ్లోనే.

"జీవరత్నం! తాళం తియ్యవే!"

ముప్పై ఏళ్ల తర్వాత 'వే' అంది. జీవరత్నం పరిగెత్తింది. సంఘ పెద్ద ఒకాయన అడ్డొచ్చాడు. "అమ్మా, అది ఎల్లుండి బల్లకండీ! అలా తియ్యకూడదు!"

"బల్ల ఎవరికండీ, బతికున్నోళ్లకేగా! జరగండి" అంది జీవరత్నం.

జీవరత్నం స్టీఫెను తలని తన ఒళ్లో పెట్టుకుంది. తెలివి పూర్తిగా పోలేదు, గుటక వేస్తున్నాడు. మణెమ్మ చెంచాతో కొంచెం కొంచెంగా బుగ్గలోకి పోసింది. గొంతుకి అడ్డం పడకుండా దవడ నిమురుతూ, ఒక చెంచా, ఆగి ఇంకో చెంచా. పావుగంటకి స్టీఫెను కళ్లు నిలిపి చూసి, "పాట అయిపోయిందా?" అన్నాడు.

ఆ మాట మణెమ్మకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. గ్లూకోజు ఎక్కించి, చీవాట్లు పెట్టి, సాయంత్రానికి పంపేశారు.

మర్నాడు మధ్యాహ్నం మణెమ్మ గుమ్మంలో జీవరత్నం, చేతిలో నల్లద్రాక్ష బుట్ట. "రసం సగం అయిపోయింది. మళ్లీ కాచాలి. మీ ఇంట్లో పెద్ద గిన్నె ఉందిగా" అంది. పిలవకుండానే నేల మీద కూర్చుని గుత్తుల్లోంచి పళ్లు తుంపడం మొదలుపెట్టింది. మణెమ్మ కూడా కూర్చుంది. గిన్నె అడుగు కనపడకుండా నిండింది.

"నువ్వు వెనక బెంచీలో ఉన్నావు" అంది జీవరత్నం చివరికి.

"ఉన్నాను."

"నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తాననుకుంటారు అందరూ. ఒక కన్ను ఎప్పుడూ తెరిచే ఉంటది నాకు. వాడు తాళం తప్పాడు, నేను నీ వంక చూశాను. నువ్వు లేవలేదు. నువ్వు లేవలేదు కాబట్టి అది జబ్బు కాదనుకున్నాను."

మణెమ్మ చేతిలో ద్రాక్షపండు చితికిపోయింది.

"ఇంకోటి చెప్పనా?" అంది జీవరత్నం. "గురువారం సాయంత్రం వాడడిగాడు. ఉపవాసం ఉండొచ్చో లేదో మణెమ్మక్కని కనుక్కుంటానమ్మా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నేను చెప్పాక కూడా ఆవిణ్ణి అడగాలా అన్నాను. అందుకే వాడు నీతో అనలేదు."

"నీకెందుకే మంట? కోడిపుంజులన్నీ నీకేగా వచ్చాయి."

"కోళ్లు! నేను వెళితే రోగి కళ్లు మూసుకుంటాడే. నువ్వు వెళితే కళ్లు తెరిచి చూస్తాడు, తగ్గుతోందా సిస్టరుగారూ అని. నన్నెవడూ ఆ మాట అడగలేదు, ఇన్నేళ్లలో."

స్టవ్ మీద రసం పొంగింది. ఇద్దరూ ఒకేసారి లేచారు.

ఆ తర్వాతి నెల మొదటి ఆదివారానికి స్టీఫెను పుండు మూసుకుంది. పాదం ఉంది. చేతికర్ర సాయంతో నడిచి మైకు దగ్గరికి వచ్చాడు. డాక్టర్లు చేతులెత్తేశారనలేదు. సర్జను పేరు చెప్పాడు. ఇన్సులిను పేరు చెప్పాడు. జీవరత్నమ్మగారి ప్రార్థన అన్నాడు. ఆగి, "మణెమ్మక్క" అన్నాడు. "అక్క చూడకపోతే నేను ఆ రోజే పోయేవాణ్ణి. అక్కా, ముందుకి రావాలి."

ముప్పై ఏళ్లు ఎదురుచూసిన పేరు. మైకులోంచి వచ్చి గోడలకి తగిలి తిరిగొచ్చింది. మణెమ్మ బెంచీలోంచి లేవలేదు. హెలెను వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది.

మైకు దగ్గర ఒకటే వాక్యం చెప్పిందట. "నేను ముందే చూశాను. చూసి కూడా పాట అయ్యేదాకా కూర్చున్నాను."

"స్తోత్రం!" అంది సంఘమంతా. పాట అయ్యేదాకా ప్రార్థనలో కూర్చుందనుకున్నారు. సొలొమోనైతే లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. స్తోత్రం అననిది ఇద్దరే. ముందు వరసలో జీవరత్నం. మణెమ్మ చెయ్యి ఇంకా పట్టుకునే ఉన్న హెలెను. ఆ చెయ్యి నెమ్మదిగా వదిలిందట.

సోమవారం ఏడున్నరకి మణెమ్మ ఇన్సులిను వెయ్యడానికి వెళితే హెలెను బస్సు మానుకుని ఇంట్లో ఉంది. ఇడ్లీ పళ్లెం స్టీఫెను ముందు పెట్టి, మణెమ్మ వంక చూడకుండా, "వేసేశాక ఈయన తినేదాకా నేనుంటానండీ, మీరు వెళ్లొచ్చు" అంది. అంతకుముందు 'అక్కా' అనేది.

"స్టీఫెను?" అని అడిగాను.

"వాడికి తెలుసో తెలియదో తెలియదండీ. కాలు మాత్రం ఎప్పటిలాగే చాపుతాడు."

ఇదంతా రెండేళ్ల కిందటి మాట. నా మేకు పుండు కూడా మానుతోంది. ఐదో వారం చివర మణెమ్మ కట్టు విప్పి చూసి, "ఎల్లుండి నుంచి నడవచ్చు మీరు. ఎటు పోతారు?" అంది. అవనిగడ్డ మీదుగా సముద్రం వైపు అన్నాను. కొత్త గాజుగుడ్డ పరుస్తూ, తలెత్తకుండా అడిగింది.

"మొన్న ఇంటివాళ్లు జీవరత్నాన్ని పిలిపించారట మీ గదికి. నెత్తి మీద చెయ్యి వేసి ప్రార్థన చేసిందట."

"చేసిందండీ."

"చల్లగా ఉందా చెయ్యి?"

"ఉంది" అన్నాను. మేకు తొక్కిన కాలు ఆమె చేతిలో ఉండగా అబద్ధమాడడం మంచిది కాదు.

"మరి దారిలో ఎవరైనా అడిగితే, కాలెవరు బాగుచేశారంటే ఏం చెబుతారు?"

"ఇద్దరి పేర్లూ చెబుతాను."

మణెమ్మ కట్టు చివర రెండుగా చీల్చి ముడి వేసింది. ముడి మీద వేలు అలాగే ఉంచి, మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"ముందెవరిది?" అంది.